లీటరుకు ఇరవై ఎనిమిది

తెల్లారినా మబ్బు విడవలేదు. చినుకు పడనూ పడదు, ఎండ రానూ రాదు. ఆకాశం మొహం ముడుచుకుని కూర్చుంది. ఇంట్లో మామగారూ అంతే.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కోడలు నర్సు, మంచం పట్టిన రోగుల ఇళ్ళకు వెళ్ళి కట్లు మారుస్తుంది. ఆ పనికోసం ఆయనే దగ్గరుండి, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు కొనిపించాడు. కంపెనీ కాగితంలో లీటరుకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లని ఉంది. ఆమె చేతిలో ఇరవై దాటడం లేదు.

"యాక్సిలరేటరు మీద నీ కాలు బరువమ్మాయ్. తాళం ఇలా ఇచ్చెయ్. రేపట్నుంచి బస్సులో వెళ్ళు."

బస్సంటే సగం ఇళ్ళకు పొద్దుగూకినా చేరడం కుదరదు. ఆమె తాళం ఇచ్చింది గానీ తల వంచలేదు.

"ఇవాళ మీరే తోలండి మామయ్యా. ఇరవై ఎనిమిది తెప్పిస్తే నోరెత్తకుండా బస్సెక్కుతా. రాలేదా, ఇక నా కాలి ఊసెత్తకూడదు."

"నా కాలి కింద కోడిగుడ్డు పెట్టినా చిట్లదే!"

ఏసీ కట్టేశాడు. అద్దాలకు ఆవిరి పట్టింది. తువ్వాలుతో తుడుచుకుంటూ, నత్తకు దారిచ్చేంత నెమ్మదిగా కొండ ఎక్కించాడు. "పెళ్ళిచూపులకా తాతా?" అని అరిచి లారీవాడు దాటిపోయాడు. ప్రతి ఇంటి ముందూ ఆగడమే. ఆమె కట్టు మార్చి వచ్చేసరికి ఇంజను చల్లారిపోయేది, మళ్ళీ వేడెక్కడానికి ఇంకాస్త పెట్రోలు తాగేది.

దిగుడు రాగానే మామగారి మొహం విప్పారింది. గేరు న్యూట్రల్‌లోకి తోశాడు. బస్సు రోజుల్లో డీజిలు మిగిల్చి మెప్పు పొందిన కిటుకు అది.

"న్యూట్రల్ వద్దు మామయ్యా. గేరులో దిగితేనే బ్యాటరీ నిండేది."

"నాకు బండి నేర్పుతున్నావా?"

"నేర్పట్లేదు. చెప్తున్నా."

వినలేదు. ప్రతి దిగుడులోనూ అదే పని.

ఇంటికొచ్చి ఆగాక డాష్‌బోర్డు తెర మీద పద్దెనిమిది కనబడింది. ఆయన తువ్వాలుతో తుడిచి చూశాడు. పద్దెనిమిదే.

"ఇది అబద్ధం చెబుతోంది."

"నిన్నటిదాకా నా మీద నిజమే చెప్పిందిగా!" ఆమె కదలకుండా కూర్చుంది. "ఆ ఇరవై ఎనిమిది మన కొండ మీద కొలిచింది కాదు. ఎక్కడో గదిలో, రోలర్ల మీద చక్రాలు తిప్పి రాసుకున్నది. దానికోసం నేను కాలూ మార్చను, క్షమించమనీ అడగను."

భోజనాలకు రమ్మని అత్తగారు కేకేసింది.

బల్ల దగ్గర మామగారు జేబులోంచి కంపెనీ కాగితం తీశాడు. మడతలు విప్పి పరిచి, పొగలు కక్కుతున్న గిన్నెను దాని మీద దించాడు. తాళం కోడలి కంచం పక్కకు జరిపాడు.

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి వడ్డించింది.