గడ్డం ఎత్తితే ఎవరు, చెయ్యి చాపితే ఎవరికి

సంబంధం చూడటానికి బోధన్ నుంచి నిజామాబాద్ బయలుదేరిన రోజు రాజనర్సు చేతిలో ఉన్నవి ఇవి: బజార్లో ఒక బెల్లం కొట్టు, ఇరవై ఆరేళ్ల కొడుకు కృష్ణ, పుట్టుకతోనే చెవులు వినపడని ఆ కొడుకు సొంతంగా కట్టుకున్న సైగల భాష. ఆ భాష తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురే. వాళ్లలో కృష్ణ తల్లి పోయిన ఏడాది కాలం చేసింది. ఇక కొడుకు తరఫున ఎవరితోనైనా మాట్లాడాలంటే రాజనర్సే మాట్లాడాలి. ఆ పని బరువని పైకి అంటాడు కానీ, ఇంకొకరికి అప్పజెప్పే ఉద్దేశం అతనికి ఎప్పుడూ లేదు.

భాష చిన్నదే, కానీ తూకం తప్పదు. పని ఎవరు చేశారో వాళ్ల వైపు కృష్ణ గడ్డం ఎత్తుతాడు. ఎవరికి చేశారో వాళ్ల వైపు అరచెయ్యి చాపుతాడు. ఆ తర్వాత పని చూపిస్తాడు. ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు పక్కింటివాడు గోలీలు గుంజుకుంటే ఇంట్లో ఫిర్యాదు చెయ్యడానికి పుట్టించుకున్నాడు. రాజనర్సుకు కొట్లో మూడు భాషలతో పని. మరాఠీ రైతులూ ఉర్దూ మాట్లాడే లారీ డ్రైవర్లూ అయిపోయిన పని చెప్పేటప్పుడు చాలాసార్లు చేసినవాడి పక్కన ‘నే’ పెడతారు. తెలుగులో చేసినవాడిని ఉత్తగానే వదిలేసి, దెబ్బ తిన్నవాడికి ‘ని’, సొమ్ము ముట్టినవాడికి ‘కి’ తగిలిస్తాం. తన కొడుకు ఇద్దరికీ గుర్తు పెట్టాడు. ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు అన్నది తేల్చలేని భాషతో బేరం సాగదని రాజనర్సు నమ్మకం.

పెళ్లికూతురు రోజాకూ చెవులు వినపడవు. అయితే ఆమె హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడి బడి సైగలు ఆమెవి. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక ఫ్లెక్సీల దుకాణంలో కంప్యూటర్ మీద బ్యానర్లు తయారుచేస్తుంది. ఇదివరకు వచ్చిన సంబంధాలన్నీ ఆమే వద్దంది. కృష్ణ మాత్రం ఫోన్లో ఆమె ఫొటో చూసిన నాటి నుంచి రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. ఇది తప్పితే వాడు ఇంకో ఇంటి గడప ఎక్కడని తండ్రికి తెలుసు.

రోజా తల్లి రాములవ్వ ఒళ్లో ఉన్న బీడీల చాట పక్కన పెట్టింది. బిడ్డకు ఏదైనా చెప్పాలంటే రెండు చేతులూ కావాలి.

“పిలగాన్ని అడుగన్నా, మా బిడ్డెను ఏమన్న అడిగేదుందా అని.”

అడిగేదాకా కృష్ణ ఆగలేదు. రోజా వైపు గడ్డం ఎత్తాడు, అరచెయ్యి తన ఛాతీకి ఆనించుకున్నాడు, వేళ్లు ఆడించాడు. ఆమె చేతుల మాట తనకు నేర్పుతుందా అని.

రాజనర్సుకు ఇది బేరం చెడగొట్టే పని అనిపించింది. పిల్లవాడి తరఫువాళ్లు వచ్చీరాగానే నాకు రాదు, నేర్పండి అని చెయ్యి చాపితే ఇంకేం మర్యాద? కొట్లో రైతు అన్న మాటను కొనేవాడికి ఒకలా, కొనేవాడు అన్న మాటను రైతుకు ఒకలా చెప్పి ఇద్దరినీ కలపడం అతనికి అలవాటు. ఆ చేత్తోనే దీన్నీ సర్దాడు.

“మా వోడు మీ బిడ్డెకు కొట్టు పని అంత నేర్పిస్తడట చెల్లె. ఉత్తగ కూసోనియ్యడట.”

రాములవ్వ ఆ మాటను చేతులతో చెప్పింది. రోజా తల్లి చేతులు చూసింది, తర్వాత కృష్ణను చూసింది. బడి సైగల్లో గడ్డానికి పని లేదు. నేర్పే చెయ్యి నేర్పేవాళ్ల దగ్గర బయలుదేరి నేర్చుకునేవాళ్ల దగ్గర ఆగుతుంది. ఎవరు, ఎవరికి అన్నది ఆ దారే చెబుతుంది. కృష్ణ చెయ్యి ఆగింది తన ఛాతీ మీద. కొట్టు ఊసు ఎక్కడా కనపడలేదు. రోజా తన దగ్గర మొదలుపెట్టిన సైగను అతని ముందు ఆపి, కనుబొమలు ఎత్తింది. కృష్ణ మెడ పట్టేసేలా తలూపాడు.

రోజా చేతులు తల్లి వైపు చకచకా తిరిగాయి.

“అన్నా, నేర్పుమని అడిగింది పిలగాడేనట గద. నువ్వేంది గిట్ల ఉల్టా చేసినవ్?”

“ఉల్టా ఏంది చెల్లె, జెర సాపు చేసిన.”

“సాపు చేసిన మాటలు నా బిడ్డెకు వద్దట. రేపు మీ ఇంట్ల అది ఒకటంటె నువ్వు పిలగానికి ఇంకోటి చెప్తవట. ఈ సంబంధం వద్దంటుంది.”

ఈ మాట కృష్ణకు ఎవరూ చెప్పలేదు. ముఖాలు చూసి తెలుసుకున్నాడు. తండ్రి వైపు గడ్డం ఎత్తాడు. అంతే. తర్వాత ఏ పనీ చూపించలేదు.

బాపు బెల్లం తెచ్చిండు, బాపు బండి కొన్నడు, ఇలా ఆ గడ్డం తన వైపు లేవడం రాజనర్సు చాలాసార్లు చూశాడు. వెనక ఏమీ రాకుండా చూడటం ఇదే మొదలు. చెడిన సరుకును ఇంకా పట్టుకుని కూర్చునే మనిషి కాదతను.

“చెల్లె, తప్పు నాది, పిలగాంది కాదని చెప్పు. నేను బయట కూసుంట. వాళ్లే మాట్లాడుకోని.”

“నువ్వు లేకుంటె ఎట్ల మాట్లాడుకుంటరు?”

“నాకెరుక లేదు.” ఆ పూట అతను మార్చకుండా చెప్పిన మాట అదే. “నువ్వు గూడ లెవ్వు మరి. నువ్వు మాత్రం తక్కువ తిప్పుతవా?”

రాములవ్వ తిట్టుకుంటూ చాట పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. కిటికీలోంచి చూస్తే లోపల ఏదీ సాగడం లేదు. కృష్ణ గడ్డం ఎత్తినప్పుడల్లా రోజా రెండు వేళ్లతో దాన్ని కిందికి దించి, అతని మణికట్టు పట్టుకుని దారి చూపిస్తోంది. కాసేపటికి అతను ఆమె గడ్డం కింద వేలు పెట్టి పైకి ఎత్తాడు. ఆమె ఆ వేలి మీద ఒక్కటి చరిచింది. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత గడ్డం ఎవరిదో, చెయ్యి ఎవరిదో రాజనర్సుకు అంతు పట్టలేదు.

చాలాసేపటికి రోజా గడపలోకి వచ్చి తల్లికి ఏదో చెప్పింది.

“ఒప్పుకున్నదా?”

“ఆగన్నా, ఒప్పుకున్నది. ఇంకోటి చెప్తుంది. పిలగాడు గోడకు చెయ్యి ఆనిచ్చి పండుకుంటడా?”

“పండుకుంటడు. సల్లగ ఉంటదేమో అనుకున్న.”

“నువ్వు గురక పెడ్తె గోడ వణుకుతదట. తల్లి పోయినకాంచి గట్లనే పండుకుంటుండట. గోడ వణికితె బాపు ఉన్నడని నిద్రవోతడట.”

రాజనర్సు చాటలోంచి ఒక తునికాకు తీసి తిప్పి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు.

బోధన్ బస్సులో కొడుకు కిటికీ వైపు కూర్చుని వేళ్లతో ఏదో కొత్త సైగ వల్లె వేసుకుంటుంటే రాజనర్సు లెక్క చూసుకున్నాడు. పోయింది, కొడుకు తరఫున మాట్లాడే పని. వచ్చింది, ముఖం మీదే మాట దిద్దే కోడలు. గురక సంగతి ఏ పద్దులో వెయ్యాలో ఎడపల్లి దాటేదాకా తేలలేదు. చివరికి లాభంలో వేసుకున్నాడు.