కుట్టు కూలి

"టాక్స్ మేడంకు ఈ బిల్లుల కవరు ఇచ్చి ఒచ్చెయ్. ఏమన్న అడిగితే మా ఆయన ఫోన్ చేస్తడని చెప్పు. నువ్వేం మాట్లాడకు," అన్నాడు జగన్, కట్టు కట్టిన కాలును దిండు మీద సర్దుకుంటూ.

అరుణజ్యోతి తలూపింది. మన్సూరాబాద్‌లో వాళ్ళది పరదాల షాపు. జగన్ పాత లోను మొండి బాకీ అయి కొత్తది పుట్టకపోయేసరికి, తొమ్మిదేళ్ళ కింద షాపును ఆమె పేరు మీద పెట్టారు. చూపించిన చోటల్లా ఆమె సంతకం చేసింది. "పేరు దీనిది, పని నాది" అని చుట్టాల ముందు అతను నవ్వితే తనూ నవ్వేది. అమ్మిన ప్రతి పరదాకూ ఇంట్లో అంచు కుట్టేది మాత్రం ఆమే. వంట అయ్యాక మిషన్, మిషన్ మీంచి లేచి మళ్ళీ వంట. మెడ లాగుతోందంటే "ఇంట్ల కూసొని కుట్టుడే గదా, ఎండల తిరుగుతున్నవా" అనేవాడు. బస్సు కిరాయికి చేయి చాచినా ఎందుకు, ఎక్కడికి అని రెండు ప్రశ్నలు.

పది రోజుల కింద నాగోల్‌లో ఎవరింట్లోనో పరదా రాడ్లు బిగిస్తూ నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇన్‌కంటాక్స్ రిటర్నుకు ఇంక నాలుగు రోజులే గడువు. ఏడాది బిల్లులన్నీ ఒక సంచిలో కుక్కి ఉన్నాయి. రెండు రోజులు అరుణజ్యోతి వాటిని నేల మీద పరుచుకుని కూర్చుంటే, అత్త సుమిత్రమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. "నాకు సదువు రాదు గని రంగులు తెల్వవా" అని, నీలం కాగితాలు బట్టలవాళ్ళవి, పసుప్పచ్చవి రాడ్లవాళ్ళవి, వేరు చేసి పెట్టింది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో అత్తాకోడళ్ళు ఒక పని కలిసి చేయడం అదే మొదలు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర మేడ మీద చిన్న ఆఫీసు. టాక్స్ లెక్కలు చూసే వేదవతిది ఏలూరు వైపు, యాభై దాటిన మనిషి. అరుణజ్యోతి కవరు బల్ల మీద పెట్టి వెనక్కి తిరగబోయింది.

"వెళ్ళిపోతారేంటమ్మా? ఓనరు మీరు కదా, కూర్చోండి."

కుర్చీ అంచున కూర్చుంది. వేదవతి ఒక్కో కట్టా తిరగేసి కంప్యూటర్లో ఎక్కిస్తూ అడిగింది. "చాలా బాగా సర్దారు. కుట్టు కూలి బిల్లులు మాత్రం లేవే? కుట్టేవాళ్ళకి ఎంతిస్తున్నారు?"

"ఎవరికీ ఇస్తలేము మేడం. నేనే కుడుత."

వేదవతి పెన్ను కింద పెట్టింది. "ఓనరు సొంత కష్టాన్ని ఖర్చుగా రాయడానికి లేదమ్మా. ఖర్చులు పోగా మిగిలిందే మీ కష్టానికి ఫలితం. పోయినేడు నాలుగు లక్షల అరవై రెండు వేలు మిగిలింది. పన్ను పడదు. కానీ అది మీ సంపాదన. మీ ఆయనది కాదు."

అరుణజ్యోతి కంప్యూటర్ మీద ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. కోపం రావాలి. తొమ్మిదేళ్ళు తన డబ్బులోంచే తను బస్సు కిరాయి అడుక్కున్నందుకు మండిపోవాలి. అది తర్వాత వస్తుందేమో. ఇప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగింది మాత్రం వేరే కారణానికి. కూర్చోండి అన్నందుకు. అడిగినందుకు. తన చేతిపని గురించి ఇన్నేళ్ళలో ఎవరూ పెన్ను కింద పెట్టి వినలేదు. రంగులు చూసి కాగితాలు ఏరిన అత్త వేళ్ళు గుర్తొచ్చాయి. పరీక్ష పాసైనట్టు మనసు తేలికై, లోపల్లోపలే ఎవరికో దండం పెట్టుకోవాలనిపించింది.

"రిటర్నుకి ఓటీపీ మీ ఆయన నంబరుకు పోతోంది. అలాగే ఉంచనా?" అంది వేదవతి.

"లేదు మేడం. నాది రాసుకోండ్రి." అంకెలు ఒక్కొక్కటీ నిదానంగా చెప్పింది. తర్వాత రిటర్ను మొదటి పేజీ నుంచి చదివించుకుంది. అర్థం కానిచోట ఆపి అడిగింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఐదయింది.

"ఓటీపీ రాలే ఇంకా," అన్నాడు జగన్ ఫోన్ చూస్తూ.

"నాకొచ్చింది. మొత్తం చదివి, నేనే చెప్పిన."

"నీకేం తెలుస్తది?"

"తెల్వకనే అడిగి తెలుసుకున్న. రేపటి సంది అంచులు కుట్టనీకి వెనక గల్లీ సైదమ్మను పెడుతున్న. కూలి ఇచ్చి రాసుకుంట. నేను షాపు తెరుస్త."

జగన్ తల్లి వైపు చూశాడు. సుమిత్రమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తలేదు. "పొద్దుగాల వంట నేను చేస్త, పో బిడ్డా," అంది కోడలితో.

జగన్ ఫోన్ పక్కన పెట్టాడు.

"మరి నా కాలు మానినంక?" అన్నాడతను, గొంతు తగ్గించి.

"మానినంక నువ్వు గూడ రా," అంది అరుణజ్యోతి మెల్లగా. "జీతం ఎంత రాయాల్నో మేడంను అడిగి చెప్త."