నూనె చెప్పిన మాట

పుల్లయ్య పొద్దున్నే చేనికి పోయి బావికాడి డీజిల్ ఇంజన్లో నూనె పోసి తిప్పేవాడు. అది డీజిల్ కాదు, కోయిలకుంట్ల హోటళ్లలో బజ్జీలు వేయించగా మిగిలిన నూనె. సుంకన్న ఆటోలో డబ్బాలు తెచ్చిచ్చేవాడు. మూకుట్లో కాగి కాగి సగం విరిగిన నూనె, ఇంజన్ వేడికి పూర్తిగా విరిగేటప్పుడు, పొయ్యికాడ విన్న మాటలన్నీ పొగగొట్టంలోంచి వదిలేసేది. "రెండు ప్లేట్లు ఉగ్గాని!" అని చేనంతా వినబడేది.

"ఈపొద్దు మీ ఇంజన్ శానా మాట్లాడతాండాదే" అంటూ పక్క చేని మారెన్న తన పనికి పోయేవాడు.

చిక్కంతా జిగురుతోనే. విరిగిన నూనె చిక్కబడి నాజిల్‌ను మూసేసేది. పాలిటెక్నిక్ చదివే కూతురు తనూజ నూనెలో కాస్టిక్ సోడా, మిథనాల్ కలిపి తేరబెట్టడం నేర్పింది. గ్లిజరిన్ అడుక్కు దిగి, పైన పల్చటి ఇంధనం తేలేది. ఇంజన్ హాయిగా నడిచేది. మాటలు గ్లిజరిన్‌తోపాటు అడుగునే ఉండిపోయేవి. పుల్లయ్యకు అదీ మేలే అనిపించింది. ఆ డబ్బాల్లో సగం అక్క రామసుబ్బమ్మ హోటల్‌వి. అమ్మ దినాలప్పుడు మాటా మాటా పెరిగి, ఆ అక్కాతమ్ముళ్లు ఏండ్లుగా పలకరించుకోలేదు.

ఆ కార్తీకంలో వానల్లేక మిరప వాడిపోతున్నప్పుడు మిథనాల్ అయిపోయింది. తనూజ కర్నూల్లో ఉంది. పుల్లయ్య డబ్బాలోని నూనె అట్లే పోశాడు. ఇంజన్ దగ్గి, నల్లపొగ కక్కి, అక్క గొంతుతో మాట్లాడింది.

"ఎడమ చెయ్యి గుంజుతాండాది. ఆయాసం. తమ్మునికి చెప్తే రాడా? వస్తాడు. రాకుంటే మాత్రం ఓర్చుకోలేను. చెప్పేదే వద్దులే."

పుల్లయ్య ఇంజన్ ఆపేశాడు. సగం సాళ్లకు ఇంకా నీళ్లు అందలేదు. అట్లే వదిలి బండెక్కాడు.

హోటల్లో రామసుబ్బమ్మ చెమటలు కారుతూ గోడకానుకొని కూచోనుంది.

"ఏం పుల్లయ్యా, ఇట్లొస్తివి?"

"లెయ్యక్కా, నంద్యాల పోదాం. ఆస్పత్రికి."

"నీకెవరు చెప్పిరి?"

"నూనె."

"అట్లనా" అని ఆమె చెయ్యి అందించింది.

గుండెకు స్టెంట్ వేసిన డాక్టరు, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు.

పుల్లయ్య ఆస్పత్రిలోనే ఉండిపోవడంతో నీళ్లందక సగం మిరప ఎండిపోయిందని, చూడ్డానికొచ్చిన మారెన్న నోట తెలిసి రామసుబ్బమ్మ కండ్లనీళ్లు పెట్టుకుంది.

"నా కోసం సగం చేను ఎండబెట్టుకుంటివే పుల్లయ్యా."

పుల్లయ్య చీనీకాయ ఒలుస్తూ తలెత్తలేదు.

"మిరప వచ్చే ఏటికి మళ్లీ నాటుకోవచ్చక్కా" అని, ఒక తొన ఆమె నోటికందించాడు.