ఒట్టి అద్దంలోంచి గెడ్డవలస

నేను ఒక అద్దాలు లేని కళ్ళజోడును. నన్ను పెట్టుకుని ఎవరూ పెళ్ళికి వెళ్ళరు, ఫొటో దిగరు. కంటి పరీక్ష చేసేవాళ్ళు నన్ను మీ ముక్కు మీద కూర్చోబెట్టి, నా గాడుల్లో ఒక్కొక్క అద్దమే దూర్చి "ఇప్పుడెలా ఉంది? మరి ఇప్పుడు?" అని అడుగుతారు. మీకు సరిపోయే అద్దం దొరకగానే నన్ను తీసి పక్కన పెడతారు.

కార్ఖానాలో నా చుట్టూ అంకెలు చెక్కినాయన కళ్ళు చికిలించుకుని పనిచేసేవాడు. రోజూ బోలెడన్ని ఫ్రేములు ఆయన చేతిలోంచి వెళ్ళేవి. ఒక్కదాన్నీ తన ముక్కు మీద పెట్టి చూసుకోలేదు. మనుషుల మీద నా అనుమానం అక్కడే మొదలైంది.

పట్నంలోని ఒక కంటి ఆసుపత్రి నన్ను కొని, అద్దాల పెట్టెతో సహా గెడ్డవలసకు పంపింది. కొండ కింద ఊరు. పంచాయతీ ఇచ్చిన ఇంటి ముందుగదిలో కంటి కేంద్రం, వెనకగదిలో పరీక్ష చేసే మనిషి కాపురం. నాలుగేళ్ళలో ముగ్గురు మారారు. మొదటాయన వచ్చిన రోజు నుంచీ బట్టలు సంచీలోనే ఉంచాడు. కావలసిన చొక్కా తీసుకుని మళ్ళీ జిప్పు వేసేవాడు. రెండో ఆమె మాట్లాడే తోడు లేక సగం రోజు గుమ్మంలోనే నిలబడేది. సెలవు పెట్టి వెళ్ళింది, తిరిగి రాలేదు. మూడో అతను పద్దెనిమిది మందికి కొలతలు రాసుకుని, కళ్ళజోళ్ళు తెస్తానని బస్సెక్కాడు. ఇంకా తెస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత వచ్చింది రోహిణి. ఇరవై మూడేళ్ళుంటాయి. కేంద్రం తలుపు తీసి, ఊడ్చి, జనాన్ని వరసలో కూర్చోబెట్టే పైడమ్మ ఆమెను మెట్టు మీదే నిలబెట్టి అడిగింది.

"నువ్వెన్నాళ్ళుంటావేటి తల్లీ?"

"ఇప్పుడే కదా వచ్చాను పిన్నీ!"

"అదే. ఎల్లీ ముందు సెప్పరు కదా, ఒచ్చినప్పుడే అడగాల."

రోహిణి నవ్వేసింది. నవ్వితే సమాధానం చెప్పక్కర్లేదని మనుషులకు ఎవరు నేర్పారో నాకు తెలియదు.

రెండు నెలలు గడిచాయి. రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. ఒకనాడు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. నెలాఖరులోగా జనం పెరగకపోతే కేంద్రాన్ని మండలం సెంటరుకు మార్చేస్తారట. రోహిణి ఫోను పెట్టేసి నన్ను గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. పైడమ్మ చీపురు ఆపి అంతా విన్నది.

మర్నాడు బెంచీ నిండిపోయింది.

నాకు అనుమానం వచ్చింది. చూపు మసకేసిన మనిషి నన్ను పెట్టుకోగానే మెడ ముందుకు చాపుతాడు, కనుబొమలు ముడుస్తాడు, ముక్కు మీద నాకు ఆ బిగువు తెలుస్తుంది. ఆ రోజు వచ్చినవాళ్ళ ముక్కులు హాయిగా ఉన్నాయి. ముందుగా కూర్చున్నవాడు తవిటినాయుడు, కొండ కొమ్మున మేస్తున్న తన మేకను కింద నుంచే పోల్చుకుని పేరుపెట్టి పిలిచే మనిషి.

"ఎదురుగా గోడ మీద పెద్ద గుర్తుంది చూడండి. ఏ వైపు తిరిగి ఉందో చేత్తో చూపించండి," అంది రోహిణి.

"గోడే అవుపించడం నేదు, గుర్తెక్కడిది తల్లీ?"

రోహిణి టార్చి వేసి అతని కళ్ళలోకి చాలాసేపు చూసింది. తర్వాత పెట్టెలోంచి ఒక అద్దం తీసి నా గాడిలో వేసింది. దాన్ని నేను ఎరుగుదును. దానికి పవరు ఉండదు, ఒట్టి గాజు.

"ఇప్పుడు?"

"ఓలమ్మో! సూర్యుడు పొడిసినట్టున్నాది!"

తర్వాత వచ్చిన ఆరుగురికీ అదే ఒట్టి అద్దం వేసింది. ఆరుగురికీ సూర్యుడు పొడిచాడు. ఒకావిడైతే అద్దం వెయ్యకముందే పొడిచాడంది.

రోహిణి అందరి పేర్ల ఎదుటా 'చూపు బాగుంది' అని రాసింది. బెంచీ ఖాళీ అయ్యాక వాళ్ళమ్మకు ఫోను చేసింది. "ఆ కళ్ళజోళ్ళ షాపువాళ్ళు నన్ను ఉద్యోగానికి ఇంకా అడుగుతున్నారా అమ్మా? అవును, వచ్చేస్తాను. ఇక్కడ నన్ను ఆటపట్టిస్తున్నారు." వెనకగదిలో మంచం కిందనుంచి సంచీ లాగిన చప్పుడు వినిపించింది. నేను అనుకున్నదే కదా అనుకున్నాను.

పైడమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్ను ఆటపట్టించడానికి కాదు తల్లీ. నానే పంపినాను. జనం నేకపోతే నిన్ను తీసుకుపోతారన్నారు కదా."

"కళ్ళు బాగున్నవాళ్ళని పంపిస్తావా? కనబడనివాళ్ళు ఏరి?"

"ఆల్లు రారు. మూడో బాబు కొలతలు రాసుకుని పోనాడు కదా. నువ్వుంటావని తెలిస్తే ఒస్తామన్నారు."

"వాళ్ళు రాకపోతే నన్ను ఉండనివ్వరు!"

"అందుకే కదా కళ్ళున్నోల్లని పంపినాను," అంది పైడమ్మ, ఇంతకన్నా తేలికైన లెక్క లేదన్నట్టు.

అలా అంటున్నప్పుడు ఆమె ముఖం ఒక పక్కకు తిప్పి ఉంది. రోహిణి అది గమనించింది. నాలుగేళ్ళుగా అదే గదిలో ఉన్న నేను గమనించలేదు. పైడమ్మ ముక్కు మీదికి నన్ను ఎవరూ ఎక్కించలేదు మరి.

"కూర్చో పిన్నీ."

"నాకేటయ్యింది? నువ్వు కోపం మీదున్నావు, రేపు సూద్దాం."

"కూర్చో."

రోహిణి కుడి కంటికి ఎదురుగా నా గాడిలో నల్లబిళ్ళ వేసింది. పైడమ్మ గుమ్మం వైపు తల తిప్పింది.

"తలుపేసినావేటి?"

తలుపు బార్లా తెరిచే ఉంది. ఎండ గదిలో సగం దాకా పరుచుకుంది.

ఎడమ కంట్లో శుక్లం పూర్తిగా ముదిరింది. ఆపరేషను చేయించుకోవాలని రోహిణి చెప్పింది. పైడమ్మ తల అడ్డంగా ఊపింది. "నాను ఆసుపత్రికెల్తే ఈ తలుపు తీసీవోల్లెవరు? నానొచ్చీసరికి నువ్వుండవు, తాళం ఉంటాది."

రోహిణి పైడమ్మ కొంగున ముడి విప్పి తాళంచెవి తీసుకుంది.

"నువ్వు తిరిగొచ్చేదాకా నేను తీస్తాను."

"ఒచ్చినాక?"

రోహిణి ఈసారి నవ్వలేదు.

పైడమ్మ మర్నాడు ఆసుపత్రి వ్యానెక్కింది. ఊరు ఆమెను కాదు, కేంద్రం తలుపును కనిపెట్టుకుని ఉంది. నేనూ అంతే. రోజూ ఎనిమిదింటికి ఎవరో ఒకరు ఏదో పని ఉన్నట్టు ఆ దారిన వెళ్ళేవారు. తలుపు తీసి ఉండేది. నాలుగో రోజు సాయంత్రం పైడమ్మ నల్లద్దాలు పెట్టుకుని వ్యాను దిగింది. దిగుతూనే, "నీ జాకెట్టుకి గుండీ ఊడిపోనాది సూసుకో," అని పక్కింటావిడకు చెప్పింది. గెడ్డవలసకు ఆ ఒక్క మాట చాలింది.

మరుసటి రోజు మొదట వచ్చింది జీడిపిక్కల బట్టీలో పనిచేసే చిన్నమ్మి, ఆ పద్దెనిమిది మందిలో ఒకతె. ఆమె మెడ ముందుకు చాచింది, కనుబొమలు ముడిచింది. కొలతలయ్యాక లేవలేదు.

"ఈ తూరి అద్దాలు రాకపోతే మీ ఇంటికే ఒస్తాను. మీ ఊరి పేరు సెప్పు."

రోహిణి చీటీ మీద వాళ్ళమ్మ ఇంటి చిరునామా రాసి ఇచ్చింది. వీధి పేరు, పక్కన రేషన్ షాపు, అన్నీ. చిన్నమ్మి ఆ చీటీని బట్టీలో నలుగురికీ చూపించింది, వాళ్ళూ వచ్చారు. కళ్ళజోళ్ళు పదకొండో రోజున వచ్చాయి.

నెలాఖరుకు రోహిణి ఉన్న లెక్కే పంపింది. సూర్యుళ్ళు పొడిచిన ఏడుగురినీ అందులో కలపలేదు. పైవాళ్ళు ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. 'చూద్దాం' అనే మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

ఆ షాపువాళ్ళ సంగతి ఏమైందో నాకు తెలియదు. నిన్న మాత్రం రోహిణి సర్పంచికి ఫోను చేసి గట్టిగా మాట్లాడింది.

"స్నానాలగది తలుపుకు గొళ్ళెం లేదండీ. రేపటికి వడ్రంగి రాకపోతే మీ ఇంటికొచ్చి స్నానం చేస్తాను."

వడ్రంగి పొద్దున్నే వచ్చాడు. బిగించిన గొళ్ళెం వదులుగా ఉందని ఆమె రెండుసార్లు ఊడదీయించి మళ్ళీ బిగింపజేసింది. వెనక కిటికీకి తెర కట్టడానికి రెండు మేకులు కూడా కొట్టించింది. అంతకు ముందు ఉన్న ముగ్గురూ ఆ తలుపుకు బకెట్టు అడ్డం పెట్టుకునే స్నానం చేశారు. ఒక్కరూ ఎవరితోనూ తగువు పడలేదు, ఒక్క ఫిర్యాదూ చెయ్యలేదు. ఎంత మంచివాళ్ళో అని ఊరు అనుకునేది.

నాకు ఈ అమ్మాయి మీద ఇప్పుడు ఇంకో రకం అనుమానం మొదలైంది.