నాలుగు పకోడీలు

నాలుగింటికి టీ బెల్లు మోగగానే రొయ్యల కంపెనీ షెడ్డులోంచి ఆడవాళ్ళు బయటికొస్తారు. తెల్ల కోట్లు విప్పి మేకులకి తగిలించి, ఐసులో నానిన వేళ్ళు చంకల్లో దాచుకుని, గేటు పక్కన వెంకన్న బజ్జీల బండి చుట్టూ మూగుతారు. లక్ష్మీదుర్గ మాత్రం కాస్త ఎడంగా నిలబడి స్టీలు డబ్బా మూత తీస్తుంది. కీరదోస ముక్కలు నములుతుంది. నమిలాక చీర కొంగు చివర ఒక ముడి వేసుకుంటుంది.

ఆ ముడిలో బజ్జీ మీది కోరిక ఉంటుంది.

వాళ్ళ పల్లెలో ఆడవాళ్ళందరికీ అది మామూలే. తినాలనిపించింది తినకూడదనుకుంటే ఆ కోరికని కొంగున కట్టేస్తారు. కట్టిన కాసేపు అది అప్పుడే మూకుట్లోంచి తీసినట్టు వెచ్చగా కదులుతూ ఉంటుంది. సాయంత్రం కాలవలో దులిపేస్తే చేపలు తింటాయి. కార్తీకమాసంలో ఆ కాలవ చేపలు బలిసి ఉండేది అందుకే. ముడి బిగించేటప్పుడు ఎవరి పేరైనా అనుకుంటే మాత్రం ఆ కోరిక తీరేదాకా వాళ్ళని పట్టుకుంటుంది. ఎప్పుడు విప్పినా మళ్ళీ కట్టినవాళ్ళ దగ్గరికే వచ్చేస్తుంది. పేర్లు అనుకోవద్దని పెద్దవాళ్ళు చెప్పేవారు.

లక్ష్మీదుర్గ రోజూ ఒకటే పేరు అనుకునేది. హర్ష.

హర్ష కంపెనీ ఓనరు వెంకటపతిరాజుగారి అబ్బాయి. తండ్రి భీమవరంలో ఇంటిపట్టున ఉండిపోయాక పెత్తనం అతనికొచ్చింది. గేటు మీద అతని నిలువెత్తు బ్యానరు ఉంటుంది. బిగుతు టీషర్టులో చేతులు కట్టుకుని నవ్వుతూ ఉంటాడు. కింద, 'మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే' అని ఉంటుంది. రొయ్య కొమ్ములు గుచ్చుకుని, రొయ్యలు కడిగే మందు నీళ్ళలో పాలిపోయి, గోళ్ళు ఊడిన చేతులు రోజూ రెండుసార్లు ఆ అక్షరాల కిందనుంచే వెళ్ళేవి.

ఆ బ్యానరు కట్టింది అప్పాయమ్మ పడిపోయిన మర్నాడు.

అప్పాయమ్మ లక్ష్మీదుర్గ తల్లి. షెడ్డు కట్టిన నాటినుంచీ అందులోనే రొయ్యలు ఒలిచింది. ఆ రోజు ఆర్డరు తొందరలో తొమ్మిది గంటలు కూర్చోనివ్వకుండా నిలబెట్టారు. ఐసు తొట్టి మీదికి ఒరిగి అలాగే పడిపోయింది. మొహాన నీళ్ళు చల్లి లేపాక హర్ష వచ్చి ఆమె సంచీ తీయించాడు. అందులో నూనె ఓడుతున్న కాగితం పొట్లం ఉంది. ఇంట్లో రొయ్యపొట్టు వేసి చేసుకున్న పకోడీలు, నాలుగు. ఒకటి కూడా తినలేదు ఇంకా. అందరూ చూస్తుండగా ఆ పొట్లం పైకెత్తి చూపించాడు.

"ఇదమ్మా కారణం. ఇలాంటి చెత్త తిని పడిపోతారు, పేరు కంపెనీకి. రేపట్నుంచి ఈవిడ రానక్కర్లేదు."

పొట్లం చెత్త డబ్బాలో పడేశాడు. షెడ్డంతా తలొంచుకుంది. ఒళ్ళు మనది, నొప్పి మనది, చివరికి తప్పూ మనదేనా అని లక్ష్మీదుర్గ నోటిదాకా వచ్చింది. డిగ్రీ రెండో ఏడు ఆపేసి వచ్చిన పిల్ల. లైబ్రరీలో చదివిన ఎర్ర అట్టల పుస్తకాల్లోని మాటలు ఇంకా నాలుక మీదే ఉన్నాయి. అయినా ఆ రోజు అవేవీ గొంతు దాటలేదు. ఆ మౌనానికి తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ తర్వాత అప్పాయమ్మ చిరుతిండి అన్నది ముట్టలేదు. వీధిలో జంతికలవాడు అరిస్తే తలుపేసుకునేది. తిండిపోతు అన్న ముద్ర ఆమెని లోపల్నుంచి తినేసింది. "నాకేమీ తినాలని లేదే" అనేది కూతురితో. పకోడీ పిండి కలుపుతూ పాటలు పాడుకునే మనిషి.

కొన్నాళ్ళకి కంపెనీ డాక్టరు రక్తం చూసి లక్ష్మీదుర్గకి షుగరుందన్నాడు. కొమ్ము గుచ్చుకున్న బొటనవేలు అందుకే మానడం లేదట. మానని గాయం ఉంటే షెడ్డులోకి రానివ్వరు. నూనె సరుకు, తీపి మానెయ్యమన్నాడు. పొద్దున రాగిజావ, రాత్రి కొర్రన్నం, మధ్యలో కీరదోస. నాలుగయ్యేసరికి మాత్రం నోట్లో నీళ్ళూరి ప్రాణం బండి చుట్టూ తిరిగేది. అప్పుడే ఆమెకి తోచింది. తన నోరు కట్టుకోవడం తప్పనప్పుడు, ఆ కట్టు ఊరికే కాలవ పాలు చెయ్యడం ఎందుకు?

"బాబుగారికి ఇవాళేం పంపుతున్నావే?" అంది తబిత, ఆమె పక్క బల్ల మీద ఒలిచే మనిషి.

"మిరపకాయ బజ్జీ. కడుపు చీల్చి ఉల్లిపాయ పెట్టి, నిమ్మకాయ పిండి."

"నిన్న పంపిన పునుగులు అరిగాయో లేదో పాపం."

వెంకన్న గరిటె తిప్పుతూ గొంతు తగ్గించాడు. "అరక్కేమండి. వాచ్‌మేన్ని పంపించి రెండు ప్లేట్లు తెప్పించుకున్నారు. బాత్రూంలో కూర్చుని తిన్నారంట."

బ్యానరు మీది హర్ష అలాగే ఉన్నాడు. కిందనుంచి నడిచే హర్షకి చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. ఒకరోజు వెంకటపతిరాజుగారు కారు దిగి, గేటు దగ్గరే కొడుకుని ఎగాదిగా చూశారు. చేతిలో పకోడీ పొట్లం వెనక్కి దాచుకున్నాడతను.

"ఎవరి నోరు కొట్టావురా?" అన్నారాయన.

"అలాంటిదేం లేదు నాన్నగారూ. స్ట్రెస్ అంతే."

"స్ట్రెస్సు బజ్జీలు అడగదు. ఎవరో ముడేశారు. వెళ్ళి కనుక్కో."

కనుక్కోలేదు. అంతమంది ఆడవాళ్ళలో తాను ఎవరిని ఏమన్నాడో అతనికి గుర్తుంటే కదా. ఆ మరుపే లక్ష్మీదుర్గని ఎక్కువ మండించింది. అతను లావవ్వడం కాదు ఆమెకి కావలసింది. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. తల్లి మళ్ళీ తలెత్తాలి.

ఇంతలో ఒక అన్యాయం జరిగింది. ఆమె ఆరోగ్యం బాగుపడింది. బొటనవేలు మానింది. షుగరు దిగింది. కీరదోస రుచిగా ఉండటం మొదలైంది. ఒక సాయంత్రం బండి పక్కన ఎంతసేపు నిలబడ్డా కోరిక పుట్టలేదు. కొంగు పట్టుకుని ముడి వేస్తే అది ఉత్తి ముడే, చల్లగా. మర్నాడు హర్ష తేలిగ్గా ఈల వేసుకుంటూ కారెక్కాడు.

బస్సులో లక్ష్మీదుర్గ ఏడ్చింది. "నా దగ్గర ఇంకేం లేదే తబితా. ఒంట్లో ఆశ పోయింది."

తబిత తన కొంగు చివర చేతిలోకి తీసుకుని అంది. "నీకు పోతే పోయింది. నాకుందిగా. కాజా మీద ఉంది, పాకం కారేది."

"నాది పూతరేకు," అంది వెనక సీట్లోంచి నాగదుర్గ. ఆవిడా షెడ్డు మనిషే.

పోరాడితే పోయేదేముంది అన్న మాట లక్ష్మీదుర్గ పుస్తకంలో ఎన్నోసార్లు చదివింది. దానికి అర్థం ఆ బస్సులోనే తెలిసింది. వాళ్ళకి పోయేది సాయంత్రపు బజ్జీ ఒక్కటే. ఆ వారమంతా ఒక్కరూ బండి దగ్గరికి వెళ్ళలేదు. అందరి కొంగులకీ ముడులే, గుత్తులు గుత్తులుగా. అన్నిటి మీదా ఒకటే పేరు.

కంపెనీ వార్షికోత్సవం నాడు షామియానా వేశారు. ఆరోగ్యం గురించి మాట్లాడ్డానికి హర్ష మైకు పట్టుకున్నాడు. "మన ఒంటికి మనమే" అన్నాడు. అంతే, నోట్లో నీళ్ళూరి మాట మునిగిపోయింది. మింగాడు. మళ్ళీ ఊరింది. మైకు చేతిలో ఉండగానే స్టేజీ దిగి ఆడవాళ్ళ వరసల్లోకి నడిచాడు. కొంగులు చూశాడు. అప్పుడు అర్థమైంది.

"ఎంత కావాలి?" అన్నాడు.

లక్ష్మీదుర్గ లేచి నిలబడింది. "డబ్బు కాదండి. మాట. మా అమ్మ పేరు అప్పాయమ్మ. ఆ రోజు ఎందుకు పడిపోయిందో చెప్పండి."

అతను స్టేజీ మీద కూర్చున్న తండ్రి వైపు చూశాడు. వెంకటపతిరాజుగారు మొహం తిప్పుకున్నారు.

"అప్పాయమ్మగారు..." అన్నాడు. గారు అన్న మాట మైకులో కొత్తగా వినిపించింది. "పకోడీల వల్ల పడిపోలేదు. తొమ్మిది గంటలు ఐసు ముందు నిలబెట్టాం. తప్పు మాది. రేపట్నుంచి షెడ్డులో స్టూళ్ళు వేయిస్తాం. ఆవిడ పనిలోకి రావచ్చు."

లక్ష్మీదుర్గ తబిత వైపు చూసి తలూపింది. ముడులన్నీ విడిపోయాయి. ఆశలన్నీ ఎవరివి వాళ్ళ దగ్గరికి ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఆ సాయంత్రం వెంకన్న శనగపిండి డబ్బా అడుగంటింది. లక్ష్మీదుర్గకి పాత ముడుల్లోని ఆశలన్నీ ఒంటి మీద పడ్డాయి. పళ్ళు బిగించి నిలబడింది. ఒకే ఒక్క బజ్జీ కొని పొట్లం కట్టించుకుంది, తల్లికి.

జరిగింది విని అప్పాయమ్మ పొట్లం విప్పింది. బజ్జీ తుంచి నోట్లో పెట్టుకుంది. మెల్లగా, కళ్ళు మూసుకుని తింది. లేచి ట్రంకుపెట్టె తెరిచింది. ఆ రోజు కట్టుకున్న నీలం చీర తీసింది. దాని కొంగు చివర చిన్న ముడి ఉంది, ఇంకా వెచ్చగా.

"తినాలని లేదన్నావు కదమ్మా."

"దేని మీదా లేదే. దీని మీదే. ఆ నాలుగు పకోడీలవి. చెత్త డబ్బాలో పడుతుంటే కట్టుకున్నాను. ఎవరి పేరూ అనుకోలేదు."

"విప్పేస్తావా?"

"విప్పితే మళ్ళీ నాకే వస్తుంది. నేను మోసింది చాలు." అప్పాయమ్మ ముడి రెండు చివరలూ పట్టుకుని, పెదవులు కదిలీ కదలకుండా ఒక పేరు అనుకుని, గట్టిగా బిగించింది.

స్టూళ్ళు వచ్చాయి. అప్పాయమ్మ వాటిలో ఒకదాని మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. హర్ష సన్నబడ్డాడు. బజ్జీలన్నా కాజాలన్నా అతనికిప్పుడు మోజు లేదు. కానీ నాలుగు కాగానే కారు తీస్తాడు. ఈ ఊరు ఆ ఊరు అనకుండా, రాజమండ్రి దాకా, బండి కనిపించిన ప్రతిచోటా ఆగి రొయ్యపొట్టు పకోడీ ఉందా అని అడుగుతాడు. ఉంటే ఒకటి కొరికి చూస్తాడు. ఇది కాదు అని పక్కన పెట్టి, మళ్ళీ కారెక్కుతాడు.