నీలిరాయిలో కెంపు

పెనుకొండలో నాది బట్టల అంగడి. దొంగనోట్లు పట్టే ఊదారంగు లైటు ఒకటి గల్లాపెట్టె పక్కన ఉంటుంది. దాని ముందు కూర్చుని కూర్చుని నాకు లేని తెలివి వచ్చేసింది.

గొర్రెలు మేపుకునే దాసప్ప ఓ మధ్యాహ్నం నీలిరాయి తెచ్చాడు. తన రెండెకరాల చేనులో దొరికిందట. షట్టరు సగం దించి రాయిని లైటు కింద పెట్టాను. ఎర్రగా వెలిగింది! కెంపులు అలా వెలుగుతాయని ఫోన్లో ఎప్పుడో చూశాను. చాకు తీసి అడ్డంగా గీశాను. గీత పడలేదు.

"పైన నీలం పొర, దాసప్పా. లోపల ఉండేది కెంపే," అన్నాను.

"నిజమేనా శెట్టీ?"

"నీకు అబద్ధం చెప్తానా నేను?"

నా నోరు పడిపోను. ఆ ఒక్క మాట పట్టుకుని దాసప్ప గొర్రెలన్నీ అమ్మి, జేసీబీ పెట్టి వారం రోజులు చేను తవ్వించాడు. పైనున్న మంచి ఎర్రమన్నంతా అడుక్కి పోయింది. గులకరాళ్లు పైకొచ్చాయి. నీలిరాళ్లు మాత్రం మూటెడు దొరికాయి.

నిన్న ఇద్దరం ఆ మూటతో హిందూపురంలో రాళ్ల వ్యాపారి దగ్గరికి వెళ్లాం. ఆయన లైటు వేయనే లేదు. ఒక రాయి తీసి చాకుతో నిలువుగా గీశాడు. తెల్లటి గీత పడింది.

"ఇది కయనైట్ రాయప్పా. అడ్డంగా గట్టి, నిలువుగా మెత్తన. లైటు కింద ఇది గూడా ఎర్రగా వెలుగుతాది. లోపల కెంపూ లేదు, గింపూ లేదు. ఎవురు జెప్పినారు మీకు?"

దాసప్ప నావైపు చూడలేదు. "మాకే అట్ల అనిపించిందిలేన్నా," అన్నాడు. నన్ను నాలుగు తన్ని ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు.

తిరుగు బస్సులో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సోమందేపల్లి దాటాక నావైపు తిరిగాడు.

"శెట్టీ, గుంతలు పూడ్చి, ఓ మంచి వాన పడితే, ఆ చేన్లో మళ్లా శెనక్కాయ పండుతాదా?"

నాకు సేద్యం తెలియదు. ఆ గులకలో గడ్డి కూడా మొలవదని మాత్రం తెలుసు.

"పండుతుంది దాసప్పా," అన్నాను.

అతను తల ఊపాడు. ఆ మాట కూడా నమ్మేశాడు.