తల లేని బాతులు

చెరువు గార్డుగా చేరిన ఏడాది ఆమె లెక్కపెట్టిన ఎర్రతల బాతులు పదకొండు వేలు. ఎనిమిదో చలికాలానికి తొమ్మిది వందలు మిగిలాయి. ఈలోగా పైవాళ్లకు ఏడు అర్జీలు పెట్టింది. చివరికి చట్టం వచ్చింది: వలస వచ్చే ఎర్రతల బాతును కాల్చడం నేరం. మిగతా బాతులను మాత్రం సీజన్లో కాల్చుకోవచ్చు.

రెండు వారాలు తిరక్కుండానే చెరువు గట్టు మీద ఒక వేటగాణ్ణి ఆపింది. తీరా చూస్తే సొంత అక్క మొగుడు. సంచిలో ఐదు బాతులు. ఈకలు పీకేసి, తలలు, రెక్కలు కోసేసి ఉన్నాయి.

“ఇవి ఏ బాతులు బావా?”

“తలుంటే వాటినే అడిగేదానివి మరదలా. నాకేం తెలుసు?”

ఆమె కేసు రాసింది. ఆఫీసు ఫ్రిజ్ చెడిపోయి రెండేళ్లయింది కాబట్టి సాక్ష్యం ఆమె ఇంటి ఫ్రిజ్‌లోకి చేరింది.

“మీ బావ తప్పు చేస్తే శిక్ష నాకా?” అన్నాడు భర్త, ఐసు ముక్కల కోసం బాతులను పక్కకు నెడుతూ.

అక్క ఫోన్ చేసింది. “పోయి పోయి బాతుల కోసం నా మొగుణ్ణి కోర్టుకీడుస్తావా?”

“ఆయన మానేస్తే నేనూ మానేస్తానక్కా.”

అక్క ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత మళ్లీ మాట్లాడలేదు.

మాంసం ముక్కను ల్యాబ్‌కు పంపితే, ఫారం రెండు కాపీలు లేవని తిప్పి పంపారు. రెండోసారి, సీలు సరిగా పడలేదన్నారు. మూడోసారి పరీక్ష చేసే ఆయన సెలవులో ఉన్నాడు. ఈలోగా వాయిదా రానే వచ్చింది.

“ఇవి ఎర్రతల బాతులని రుజువేదమ్మా?” మేజిస్ట్రేట్ అడిగాడు.

“ల్యాబ్ నుంచి రావాలండీ.”

“పోనీ, తలలేవి?”

“కోసేశారండీ.”

కేసు కొట్టేశారు. పదకొండు రోజుల తర్వాత ల్యాబ్ కాగితం వచ్చింది. ఐదూ ఎర్రతల బాతులే. చేతులు కాలాక ఆకులు! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అదే కోపంతో కూర్చుని ఎనిమిదో అర్జీ రాసింది: కాల్చిన ప్రతి పక్షికీ ఇల్లు చేరేదాకా ఒక రెక్క ఈకలతో సహా ఉంచి తీరాలి. ఎర్రతల బాతు రెక్క మీద బూడిద రంగు చార ఉంటుంది. దాన్ని చూడ్డానికి ల్యాబ్ అక్కర్లేదు, కళ్లు చాలు.

“మళ్లీ అర్జీనా? నీకు విసుగు రాదా తల్లీ?” అన్నాడు అధికారి.

“వచ్చిందండీ. అందుకే రాశాను.”

ఆమె పోరు పడలేకే కాబోలు, ఆయన పైకి పంపాడు. మరుసటి సీజన్ మొదలయ్యేలోపు రూలు వచ్చింది.

మొదటి ఆదివారం ఉదయం బావ సంచితో గట్టెక్కాడు.

“చూసుకో. రూలు ప్రకారం అన్నిటికీ రెక్కలున్నాయి,” అన్నాడు దర్జాగా.

ఆమె ఒక్కో రెక్కా విప్పి చూసింది. మూడింటికి పచ్చ మచ్చ ఉంది, అవి వేరే రకం బాతులు. నాలుగోదాని మీద బూడిద రంగు చార.

“బావా, ఇది ఎర్రతల బాతు.”

“మంచులో సరిగా కనపడలేదే! ఒక్కటే కదా, వదిలెయ్. మీ అక్క మొహం చూసైనా…”

“అక్క ఎలాగూ మాట్లాడదు,” అంటూ ఆమె కేసు పుస్తకం తెరిచింది. “నిదానంగా చెప్పు. ఎన్ని గంటలకు కాల్చావు?”